రంగు పట్టని స్లైడ్లు

మొన్న మద్దిలపాలెం వెళ్ళే బస్సులో నా వెనక సీట్లో ఎవరికో ఎక్కిళ్ళు పట్టుకున్నాయి. గట్టి ఎక్కిళ్ళు. ఒక్కొక్కదానికీ నా సీటు కూడా కదిలినట్టనిపించింది. "ఎవులో తలుసుకుంటన్నారు బావా నిన్ను" అని పక్కనున్నాయన అంటే చుట్టుపక్కల వాళ్ళు నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. రెండు స్టాపులు ఓర్చుకున్నాను. ఇక ఆగలేక వెనక్కి తిరిగి, "ఎప్పటి నుంచి వస్తున్నాయండీ? వాంతులు కూడా ఉన్నాయా?" అని అడిగేశాను. ఆ మనిషి బిత్తరపోయాడు. "ఇప్పుడేనమ్మా, మిరపకాయ బజ్జీ తిన్నాను" అన్నాడు. బస్సు మళ్ళీ నవ్వింది. నేనూ నవ్వినట్టు మొహం పెట్టి ముందుకు తిరిగాను కానీ, దిగేదాకా నా చెవులు వెనక సీటు మీదే ఉన్నాయి.

తాడును చూసి పామనుకునే రకాన్ని నేను. గ్యాసు కట్టానో లేదో మూడుసార్లు చూసుకుని, మెట్లు దిగాక నాలుగోసారి చూడటానికి మళ్ళీ ఎక్కుతాను. ఈ గుణం పుట్టుకతో వచ్చింది. దీన్ని ఒక పనికి అలవాటు చేసిన మనిషి నసీమ్ మేడమ్. ఆవిడ పోయి రెండేళ్ళు దాటింది. మీరు చూసి ఉండరు, చూసినా డాక్టరని అనుకోరు. పొట్టి మనిషి, నలిగిన కాటన్ చీర, దాని మీద ఎప్పుడూ ఒక బొత్తాం లేని తెల్లకోటు. హార్బరు పక్కనున్న పాత ఊళ్ళో పుట్టి పెరిగారు. తండ్రి పడవలకు తాళ్ళూ టార్పాలిన్లూ అమ్మే దుకాణం నడిపేవారట. ఎన్ని డిగ్రీలు చదివినా ఆవిడ తన యాసను వదల్లేదు. పెద్ద డాక్టర్లు కూర్చున్న మీటింగులో కూడా "ఏటి, ఏటంటన్నారు?" అనేవారు. మెదడు నుంచి, వెన్నుపాము నుంచి తీసిన ముక్కలను మైక్రోస్కోపు కింద చూసి జబ్బేమిటో చెప్పడం ఆవిడ పని. ఆ ముక్కలను మైనంలో బిగించి, ఉల్లిపొర కంటే పల్చగా కోసి, గాజు స్లైడు మీద పరిచి, రంగు వేసి ఇవ్వడం మా టెక్నీషియన్ల పని.

ల్యాబులో చేరిన మొదటి రోజున ఒక స్లైడు మీద పేరు సరిగ్గా రాశానో లేదో నేను నాలుగుసార్లు సరిచూసుకోవడం ఆవిడ గమనించారు. "ఏటమ్మా, అన్నిసార్లు సూత్తన్నావ్? పేరు లేచి పారిపోతాదనా?" అన్నారు. పక్కనున్న సీనియర్ కిసుక్కుమన్నాడు. నాకు భూమిలోకి కుంగిపోయినట్టయింది. మేడమ్ ఆ సీనియర్ వైపు తిరిగి, "నవ్వకు. ఈ పనికి భయమున్నోళ్ళే కావాల. నీకు లేదనే నాను రోజూ నీ ఎనకాల తిరగాల్సొస్తంది" అన్నారు. నా భయాన్ని ఎవరైనా మెచ్చుకోవడం నా బతుకులో అదే మొదలు. పరవాడ దగ్గర మా ఊళ్ళో అయితే 'పిరికి గొడ్డు' అనేవారు.

మేడమ్‌కు ఒక ఆచారం ఉండేది. రంగు సరిగ్గా పట్టని స్లైడ్లను, చిరిగిన, మడతపడ్డ వాటిని ఏ ల్యాబులోనైనా గాజు చెత్తలో పడేసి మళ్ళీ చేస్తారు. మా దగ్గర పడేయడానికి వీల్లేదు. కిటికీ పక్కన ఒక నీలం ట్రే ఉండేది. చెడిపోయినవన్నీ అందులో పెట్టాలి. పొద్దున్నే వచ్చి, చెప్పులు విడిచి, టీ కూడా తాగకుండా ఆవిడ ముందు చూసేది ఆ ట్రేనే. బాగున్న స్లైడ్లు తరవాత. "బాగున్నవాటిని ఎవులైనా సూత్తారు" అనేవారు. మాకది చాదస్తంగా ఉండేది. చెడిపోయినదాన్ని ఆవిడ చేతికి ఇవ్వడం అంటే మన తప్పును పళ్ళెంలో పెట్టి ఇవ్వడమే కదా, ఎవరికి బాగుంటుంది? నేనైతే ఎవరూ చూడకుండా ఆ ట్రేలో పెట్టి వచ్చేదాన్ని.

మెదడు గురించి నాకు తెలిసిందల్లా ఆవిడ భోజనాల వేళ చెప్పిందే. ఒకరోజు చేపల పులుసు కలుపుకుంటూ, "పెళ్ళిలో పీటల మీద ఎందరు కూకుంటారు?" అని అడిగారు. ఇద్దరన్నాను. "ఫోటోలన్నీ ఆళ్ళవే. మరి వండినోళ్ళు, వడ్డించినోళ్ళు, ఆకులెత్తినోళ్ళు, కరెంటు పోతే జనరేటర్ కాడికి ఉరికినోళ్ళు? ఆళ్ళు అలిగితే పెళ్ళి అవుతాదా?" అన్నారు. ఆలోచనలూ కదలికలూ పంపే న్యూరాన్లదే పేరంతా. వాటి చుట్టూ గ్లియా అనే కణాలుంటాయి. గ్లియా అంటే జిగురు అని అర్థమట. పాతకాలపు శాస్త్రజ్ఞులు వాటిని ఉత్త జిగురనే అనుకున్నారు. కానీ న్యూరాన్ల తీగలకు తొడుగు వేసేవి, చెత్త ఎత్తేవి, నీళ్ళూ ఉప్పూ సరిచూసేవి అవే. నక్షత్రంలా నలుదిక్కులా కొమ్మలు చాచి ఉండే ఆస్ట్రోసైట్లు ఆ చివరి పని చేస్తాయి. "మైక్రోస్కోపులో సూసీటప్పుడు అందరూ న్యూరానుకాడ ఆగిపోతారు. నువ్వు మద్దెలో సూడు. మద్దెలో ఏటుంది?" అనేవారు. నేను చేరిన ఆరో ఏట ఆ ప్రశ్న మా ఇంటి మీదకే వచ్చింది.

మా చెల్లెలు గౌరి మల్కాపురంలో ఉంటుంది. మరిది అప్పలరాజు పోర్టులో క్రేన్ నడుపుతాడు. ఒక ఎండాకాలంలో గౌరికి ఎక్కిళ్ళు మొదలయ్యాయి. మొదటి రోజు చక్కెర తినమన్నాం, నీళ్ళు తాగమన్నాం. రెండో రోజు వాంతులు. వారం, రెండు వారాలు, మూడు వారాలు. తిన్నది నిలవదు, మాట పూర్తి కాదు, నిద్రలోనూ ఎక్కిళ్ళే. కడుపులోకి గొట్టం వేసి చూశారు, ఏమీ లేదు. స్కానింగ్ కడుపుకే తీశారు, ఏమీ లేదు. చివరికి ఒక డాక్టరు మనసుకు సంబంధించినది కావచ్చని మాత్రలు రాశాడు. అంతే, ఇల్లంతా ఆ మాటను పట్టుకుంది. అత్తగారు దిష్టి తీసింది. "పని తప్పించుకోడానికి" అని ఎవరో అన్నారు. నేనేం తక్కువ తినలేదు. ఫోన్లో అది ఎక్కిళ్ళ మధ్య ఏడుస్తూ, "అక్కా, నాకేటో అవుతంది" అంటే, "ఏటీ లేదే. అన్నీ నార్మల్ వచ్చినాయి గదా. నువ్వే ఊయించుకుంటన్నావ్. మనసు గట్టి సేసుకో" అన్నాను. గ్యాసు నాలుగుసార్లు చూసుకునే నేను, చెల్లెలు చెప్పిన మాటను ఒక్కసారి కూడా చూడలేదు.

నెల తిరిగేసరికి ఎక్కిళ్ళు వాటంతటవే తగ్గిపోయాయి. మాత్రలు పనిచేశాయని అందరం సంతోషించాం. గౌరి మాత్రం మనుషుల కళ్ళలోకి చూడటం తగ్గించింది. రెండు నెలలకు దాని కాళ్ళలో తిమ్మిరి. ఈసారి ఎవరికీ చెప్పలేదు. చెప్తే ఏమంటామో దానికి తెలుసు. ఒకరోజు పొద్దున్న మంచం మీద నుంచి దిగబోయి కూలబడింది. అప్పలరాజు ఎత్తుకుని ఆటోలో వేసుకెళ్ళాడు. వెన్నుపాము వాచి ఉందని, లోపల గడ్డ కావచ్చని స్కానింగ్‌లో వచ్చింది. గడ్డ అయితే రేడియేషన్ ఇవ్వాలన్నారు. ముందు గోరుముక్కంత తీసి పరీక్షకు పంపుతామన్నారు. వెన్నుపాము నుంచి మళ్ళీ మళ్ళీ తీయడం కుదరదు, తీసిన ప్రతిసారీ కాళ్ళు పూర్తిగా పోయే ప్రమాదం ఉంది. అప్పలరాజు ఫోన్ చేసి, "వొదినా, ముక్క మీ ల్యాబుకే పంపుతారంట. మీరు దగ్గిరుండి సూసుకోండొదినా" అన్నాడు.

మన ఇంటివాళ్ళ ముక్కను మన చేత్తో ముట్టకూడదని మేడమ్ పెట్టిన నియమం. చేతులు వణుకుతాయి, కళ్ళు తమకు కావాల్సింది చూస్తాయి. నాకిది తెలుసు. అయినా చెప్పలేదు. వేరేవాళ్ళకు ఇస్తే నా అంత జాగ్రత్తగా చేస్తారా అన్న భయం. గౌరి ఇంటిపేరు పెళ్ళితో మారింది కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. సోమవారం మామూలు రంగు వేసిన స్లైడు మేడమ్‌కు ఇచ్చాను. ఆవిడ చాలాసేపు చూసి, "గడ్డలాగ అవుపడ్డం లేదు. కాదని సెప్పడానికీ లేదు. ఆస్ట్రోసైట్ల రంగు ఎయ్యి, అది సూసీసి సెప్తాను" అన్నారు.

ఆ రంగు వేస్తే ఆస్ట్రోసైట్లు గోధుమరంగులో కనిపిస్తాయి. ఒక్కో స్లైడు మీద రెండు ముక్కలు పెడతాం. ఒక చివర రోగిది, రెండో చివర కంట్రోల్, అంటే రంగు తప్పకుండా పడుతుందని ముందే తెలిసిన మామూలు మెదడు ముక్క. ఆ సాయంత్రమే వేసిన నా స్లైడులో కంట్రోల్ చక్కగా గోధుమరంగు తేలింది. గౌరి ముక్క చాలా చోట్ల తెల్లగా వెలవెలబోతూ ఉంది. స్లైడు ఒక పక్కకు ఒరిగి మందు అటే పారిపోయిందేమో, నా వల్లే చెడిపోయిందేమో అనుకున్నాను. పద్ధతి ప్రకారం దాన్ని నీలం ట్రేలో పెట్టాలి. పెడితే మేడమ్ ఎవరిదని అడుగుతారు, నా మొహం చూస్తే తెలిసిపోతుంది. సొరుగులో దాచి, మంగళవారం మళ్ళీ కోసి మళ్ళీ వేశాను. అలాగే వచ్చింది. బుధవారం బల్ల ఒరుగు చూపే స్పిరిట్ లెవెల్ పెట్టి మరీ స్లైడ్లు పరిచి మూడోసారి వేశాను. కంట్రోల్ గోధుమ, గౌరి తెలుపు. నాలుగోసారి కోద్దామని ముక్కను బిగించిన మైనపు బ్లాకు చూస్తే అందులో ఉత్త మైనమే మిగిలింది. ఒక్క స్లైడు కోసం ముక్కనంతా నా భయంతో నేనే కోసి అరగదీసేశాను. ఇంకో ముక్క తీయరు. తీస్తే నా చెల్లెలు నడవదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఏమిటో నాకు ఆ ముక్కలు కోసే మిషన్ ముందు కూర్చున్నప్పుడు తెలిసింది.

"పార్వతీ, ఆ గోధుమరంగు స్లైడేదమ్మా? ఆపరేషన్ సేసినాయన రెండుసార్లు ఫోన్ సేసినాడు" అంటూ మేడమ్ వచ్చారు. నేను సొరుగు తెరిచి మూడు స్లైడ్లూ ఆవిడ ముందు పెట్టాను. "చెడిపోయాయి మేడమ్. మూడూ చెడగొట్టాను. ముక్క అయిపోయింది. అది మా చెల్లెలు మేడమ్" అని ఒక్క ఊపిరిలో చెప్పేశాను. ఏడుపు కూడా రాలేదు.

ఆవిడ నన్ను తిట్టలేదు, ఓదార్చలేదు. మొదటి స్లైడు మైక్రోస్కోపు కింద పెట్టారు. రెండోది. మూడోది. మళ్ళీ మొదటిది. ఆఖరికి తల ఎత్తకుండానే, "కంట్రోల్ ఎలాగుంది?" అన్నారు.

"గోధుమరంగు వచ్చింది మేడమ్."

"మూడిట్లోనూ?"

"మూడిట్లోనూ."

"మరి రంగు సెడిపోవడమేటి? రంగు బాగానే పడ్డాది. పట్టుకోడానికి అక్కడ ఆస్ట్రోసైట్లు లేవు." కుర్చీ నా వైపు తిప్పారు. "గడ్డయితే గోధుమరంగు నిండిపోవాల. తీగల తొడుగు ఊడిపోయే రెండో జబ్బు ఉంటాది, దాన్లో అయితే ఆస్ట్రోసైట్లు ఇంకా బలిసి మరీ ముదురుగా అవుపడతాయి. ఇక్కడ అవే సచ్చిపోనాయి. మూడుసార్లు అడిగినావు, మూడుసార్లూ ముక్క ఒకటే మాట సెప్పింది. నువ్వే ఇనలేదు." ఆ వెంటనే అడిగారు, "కాళ్ళ కంటే ముందు ఏటయ్యింది నీ సెల్లికి?"

ఎక్కిళ్ళ గురించి చెప్పాను. వాంతుల గురించి, మనసు మాత్రల గురించి, నేను ఫోన్లో అన్న మాట గురించి కూడా చెప్పాను. ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. మెదడు అడుగున వాంతికీ ఎక్కిళ్ళకూ సంబంధించిన చిన్న చోటు ఒకటుందని, ఈ జబ్బు ఒక్కోసారి అక్కడే మొదలవుతుందని చెప్పారు. దాని పేరు న్యూరోమైలైటిస్ ఆప్టికా. ఒంటిని కాపాడాల్సిన రక్తంలోని యాంటీబాడీలే దారి తప్పి ఆస్ట్రోసైట్ల మీద పడతాయి. వెన్నుపామును, కంటి నరాన్ని దెబ్బతీస్తాయి. ఆ తొడుగు ఊడే జబ్బుకిచ్చే మందుల్లో కొన్నింటిని దీనికిస్తే ఇంకా ముదురుతుందట. ఆవిడ చెప్తూనే ఫోన్ అందుకుని ఆపరేషన్ చేసిన డాక్టరుకు విషయం చెప్పారు, రక్తంలో ఏ పరీక్ష చేయించాలో చెప్పారు, రేడియేషన్ మాట ఎత్తొద్దన్నారు. ఫోన్ పెట్టాక తిట్టారు. అంతకు ముందూ ఆ తరవాతా ఎప్పుడూ అంత గట్టిగా తిట్టలేదు.

"సోమారం నాడు ఆ స్లైడు ట్రేలో పెడితే మంగళారం పొద్దున్నే సెప్పీసుందును. రెండ్రోజులు ఆ పిల్ల కాళ్ళు ఏటయిపోతన్నాయో! సెడిపోయింది దాసీడానికి నువ్వెవులివి? సెడిందో లేదో తేల్సడానికైనా నువ్వెవులివి?"

నాకప్పుడు ఏడుపొచ్చింది. "నిజం జబ్బే మేడమ్, మనసుది కాదు. నేను దాన్ని..." అంటూ ఉంటే ఆవిడ చెయ్యెత్తి ఆపారు. గొంతు పూర్తిగా తగ్గిపోయింది. "మనసుదయితే నిజం కాదేటి?" అన్నారు. అప్పుడు చెప్పారు వాళ్ళ అన్న గురించి. మనిషి మంచివాడు, చదువుకునేవాడు. ఇరవై ఏళ్ళ వయసులో గోడలతో మాట్లాడటం మొదలుపెట్టాడు. ఇంట్లోవాళ్ళు మేడ మీద గదిలో ఉంచి, అడిగినవాళ్ళకు ఊళ్ళో లేడని చెప్పేవారు. ఆయన చివరిదాకా ఆ గదిలోనే ఉన్నాడు. "అలాంటి జబ్బుల్లో కూడా గ్లియా పాత్ర ఉండొచ్చని ఇప్పుడు సూత్తన్నారు. ఇంకా ఏదీ గట్టిగా తేల్లేదు. నానూ సానా ఏళ్ళు సూసినాను మద్దెలో. మా అన్నది ఏటో నాకు అవుపడలేదు" అన్నారు. "అవుపడకపోతే లేదని కాదు పార్వతీ. సూసీ రంగు మనకాడ లేదు, అంతే."

రోజూ పొద్దున్నే ఆవిడ టీ కూడా తాగకుండా ట్రే దగ్గరికి ఎందుకు వెళ్ళేవారో, అందరూ వద్దనుకున్న స్లైడ్లను ఎందుకంత ఓపిగ్గా చూసేవారో నాకు కొంచెం అర్థమైంది. నేను ఆస్పత్రికి బయల్దేరుతుంటే వెనక నుంచి పిలిచారు. "ఎల్లి తప్పయిపోనాదని అడుగు. అడిగీటప్పుడు ఏడవకు. నువ్వేడిస్తే ఆ పిల్లే నిన్ను ఊరుకోబెట్టాల. ఆ పని కూడా దానికి పెట్టకు."

ఏడవలేదు. దారి పొడుగునా పెదవి కొరుక్కుని వెళ్ళాను. వార్డులో గౌరి కప్పు వైపు చూస్తూ పడుకుని ఉంది. సెలైన్‌లో మందు అప్పటికే మొదలుపెట్టారు. "నువ్వు సెప్పింది నాను నమ్మలేదే. తప్పు నాదే" అన్నాను. అది దుప్పటి గుండెల దాకా లాక్కుంది. తరవాత మెల్లగా, "నువ్వొక్కదానివే కాదులే అక్కా. మీరందరూ అనీసరికి నాను కూడా నటిస్తన్నానేమో అనుకున్నాను. కాళ్ళు తిమ్మిరెక్కినప్పుడు నన్ను నానే తిట్టుకున్నాను, మళ్ళీ మొదలెట్టినావా అని" అంది. నేను కిటికీ వైపు తిరిగి నిలబడ్డాను. మేడమ్ చెప్పినట్టు ఏడవకుండా ఉండటం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది.

రక్తపరీక్ష మేడమ్ చెప్పినట్టే వచ్చింది. స్టెరాయిడ్లు ఇచ్చారు, రక్తాన్ని వడగట్టే చికిత్స చేశారు. నాలుగు నెలలకు గౌరి కర్ర పట్టుకుని గేటుదాకా నడిచింది. ఇప్పుడు కర్ర లేదు కానీ ఎడమ కాలు ఈడుస్తుంది. ఆ రెండు రోజులు నేను దాచకపోయి ఉంటే ఆ ఈడ్పు ఉండేదా అని ఒకసారి మేడమ్‌ను అడిగాను. ఆవిడ అబద్ధం చెప్పే మనిషి కాదు. "తెలీదమ్మా" అన్నారు. ఆ 'తెలీదు' ఇప్పటికీ నా దగ్గరే ఉంది. ఈ జబ్బు మళ్ళీ రావచ్చు. ఈసారి కంటి మీద పడొచ్చు. అందుకే నా ఫోన్లో గౌరి పేరు కనిపించిన ప్రతిసారీ, ఎత్తేలోపు నా ప్రాణం ఒక మెట్టు కిందికి దిగుతుంది.

మేడమ్ చివరి రోజుల్లో ఆవిడను చూడటానికి పాత ఊరు వెళ్ళాను. మాట సన్నగిల్లింది. "ఇంకా భయపడతన్నావా?" అని అడిగారు. అవునన్నాను. "భయపడు. నీ కోసం కాదు, ఎదరోళ్ళ కోసం" అన్నారు. నేను కాసేపు ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చుని వచ్చాను.

పోయిన వారం మధ్యాహ్నం గౌరి ఫోన్ చేసింది. "అక్కా, ఎడం కన్ను మసగ్గా ఉన్నాదే. ఊరికే అనిపిస్తందేమోలే" అంది. ఆ 'ఊరికే' అన్న మాట దానికి నేర్పింది మేమే. "ఆటో ఎక్కీ. నాను బయల్దేరతన్నాను" అన్నాను. కంటి నరం అంతా చూశారు, చుక్కలు వేసి చూశారు, మూడు గంటలు కూర్చోబెట్టారు. జబ్బు కాదన్నారు. కళ్ళజోడు పవర్ మారిందంతే. బయటికి వచ్చాక గౌరి తల దించుకుని, "అనవసరంగా నీ డ్యూటీ పాడుసేసినాను" అంది. దాని చెయ్యి నా చేతిలో ఇంకా చల్లగానే ఉంది, నాదీ అంతే.

"మళ్ళీ అనిపిస్తే మళ్ళీ సెప్పు. మళ్ళీ ఒస్తాను" అన్నాను.